బరువు పంచుదాం – భద్రంగా తిరిగొద్దాం

ఆస్ట్రేలియాలో కారవాన్ కట్టుకుని ప్రయాణించే తెలుగు కుటుంబాలకు విజ్ఞప్తి



డిసెంబరు సెలవులు దగ్గరపడుతున్నాయి. మనవాళ్లు ఎందరో కారవాన్ కొనో, అద్దెకు తీసుకునో పిల్లలతో సముద్రతీరాలకు బయలుదేరతారు. ఇక్కడ మామూలు కారు లైసెన్సు ఉంటే చాలు, కారవాన్ లాగడానికి వేరే పరీక్ష లేదు. చట్టం అడగలేదు కాబట్టి మనమూ నేర్చుకోవడం లేదు. ఈ కరపత్రం రాయడానికి కారణం అదే.

ముందు నా అనుభవం చెబుతాను. మెల్‌బోర్న్ నుంచి లేక్స్ ఎంట్రన్స్‌కు అది మా మొదటి ప్రయాణం. బియ్యం మూట, గ్రైండరు, పెద్ద గిన్నెలు, నీళ్ల క్యాన్లు అన్నీ కారవాన్ ముందు డిక్కీలో సర్దాం. చీకటి పడ్డాక ఎదురొచ్చే ప్రతి బండీ మాకు లైట్లు కొట్టడం మొదలుపెట్టింది. చూస్తే మా హెడ్‌లైట్లు రోడ్డు వదిలి చెట్ల కొమ్మల మీద పడుతున్నాయి. స్టీరింగు చేతిలో దూదిలా తేలిపోతోంది. ఒక లారీ పక్కనుంచి దూసుకుపోయేసరికి కారూ కారవానూ కలిసి ఊగాయి. వెనక సీట్లో పిల్లలు నిద్రపోతున్నారు. ఆ నాలుగు క్షణాలు నేను మరిచిపోలేను.

మర్నాడు కారవాన్ పార్కులో పక్క కారవాన్ పెద్దాయన టేపు తెచ్చారు. కారవాన్ విప్పి, కారు చక్రాల పైన మడ్‌గార్డు అంచు నేల నుంచి ఎంత ఎత్తుందో కొలిచారు. మళ్లీ తగిలించి కొలిచారు. వెనక భాగం 7 సెంటీమీటర్లు కుంగింది, ముందు భాగం 3 సెంటీమీటర్లు లేచింది. "కారును తిప్పేదీ, బ్రేకు వేస్తే ఎక్కువ భాగం ఆపేదీ ముందు చక్రాలే. నువ్వు వాటినే గాలిలోకి లేపావు" అన్నారాయన.

బరువు సరిగ్గా పంచడం మన తాతలకు తెలిసిన సంగతే. ఎద్దుబండికి వెనక బరువు ఎక్కువైతే నొగలు లేచి, ఎద్దుల గొంతుకు తాళ్లు బిగుసుకుంటాయి. ముందు ఎక్కువైతే కాడి మెడలను అణిచేస్తుంది. అందుకే వాళ్లు బస్తాలను ఇరుసు మీదికి సర్ది, కాడిని చేత్తో ఎత్తి చూసి గాని ఎద్దులను కట్టేవారు కాదు. బండి మారింది గాని బరువు ధర్మం మారలేదు.

లెక్క చూడండి. 2,400 కిలోల కారవాన్, కారు వెనక దాన్ని తగిలించే గుండు (టోబాల్) మీద సుమారు పదో వంతు, అంటే 240 కిలోలు మోపుతుంది అనుకుందాం. కారు ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం 3 మీటర్లు. టోబాల్ వెనక ఇరుసుకు ఒకటింబావు మీటరు అవతల ఉంది. అప్పుడు వెనక ఇరుసు మీద పడేది 240 కాదు, 340 కిలోలు. ఆ అదనపు 100 కిలోలూ ముందు చక్రాల మీంచి లేచిపోయినవే.

ఈ లోటు పూడ్చేదే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్. టోబాల్ దగ్గర నుంచి కారవాన్ చట్రం కిందుగా రెండు స్ప్రింగు కడ్డీలు వెనక్కి వెళతాయి. వాటి కొసలను గొలుసులతో పైకి లాగి బిగిస్తారు. ఆ బిగువు కారు వెనక భాగాన్ని ఎత్తి, బరువులో కొంత ముందు చక్రాలకూ, కొంత కారవాన్ చక్రాలకూ పంచుతుంది. కారు మళ్లీ సమంగా నిలబడుతుంది, హెడ్‌లైట్లు రోడ్డు మీదికి దిగుతాయి.

అయితే ఇది మంత్రదండం కాదు. ఇది బరువును పంచుతుందే గాని తగ్గించదు. కారుకూ, టోబాల్ బిగించే టోబార్‌కూ ఉన్న పరిమితి దాటితే ఏ హిచ్చూ కాపాడదు. కొన్ని కార్ల తయారీదారులు దీన్ని వాడొద్దంటారు, కొందరు వాడమంటారు. కాబట్టి ముందు కారు మాన్యువల్ చదవండి. అతిగా బిగిస్తే వెనక చక్రాలు పట్టు కోల్పోతాయి, అదీ ప్రమాదమే. గతుకుల దారిలో, లోతైన దిగుడుల్లో తయారీదారు చెప్పినట్టు కడ్డీలు తీసేయాలి.

బయలుదేరే ముందు ప్రతి కుటుంబం చేయవలసినవి:

1. సామాను, నీళ్లు, గ్యాసుతో సహా కారవాన్‌ను లారీలు తూచే వే బ్రిడ్జి మీద తూచండి. 90 లీటర్ల నీళ్ల ట్యాంకు నిండితే 90 కిలోలని మరవకండి.

2. టోబాల్ మీద పడే బరువును విడిగా తూచండి. అది కారు మోసే బరువులో భాగమే.

3. బరువైన సామాను కారవాన్ ఇరుసు దగ్గర, నేలకు దగ్గరగా పెట్టండి. టోబాల్ బరువు తగ్గించాలని అంతా వెనక్కి నెట్టకండి. అలా చేస్తే కారవాన్ తోక ఆడిస్తుంది.

4. తగిలించక ముందూ, తగిలించాకా మడ్‌గార్డు ఎత్తు కొలిచి రాసుకోండి. దానికి టేపు ఒక్కటి చాలు.

5. కారవాన్ ఊగడం మొదలైతే కారు బ్రేకు గట్టిగా తొక్కకండి. యాక్సిలరేటర్ వదిలి, స్టీరింగు తిన్నగా పట్టుకుని, కారవాన్ ఎలక్ట్రిక్ బ్రేకును చేతి మీటతో మెల్లగా వేయండి.

మా విన్నపాలు మూడు.

కారవాన్ అద్దెకిచ్చే వ్యాపారులారా! తాళాలతో పాటు టోబాల్ బరువు రాసిన చీటీ ఇవ్వండి. కొలిచి, అవసరమైతే సరైన హిచ్ బిగించి పంపండి.

తెలుగు సంఘాల పెద్దలారా! బతుకమ్మకూ, ఉగాదికీ వందల మందిని ఒక్కచోట చేర్చగల శక్తి మీది. ఈస్టరుకు ముందొక శనివారం, డిసెంబరు సెలవులకు ముందొక శనివారం "తూకం రోజు" పెట్టండి. టోబాల్ కాటా ఒకటి సంఘం తరఫున కొంటే ఊరందరికీ పనికొస్తుంది.

ప్రజాప్రతినిధులారా! మొదటిసారి కారవాన్ కొనేవారికీ, అద్దెకు తీసుకునేవారికీ చిన్నపాటి శిక్షణ తప్పనిసరి చేయండి.

మిత్రులారా! ఇంటిల్లిపాదినీ ఒకే బండిలో కూర్చోబెట్టుకుని బయలుదేరుతున్నాం. మన ఊళ్లో అమ్మానాన్నలు "చేరాక ఫోన్ చెయ్యి నాయనా" అని చెప్పి ఎదురుచూస్తుంటారు. తూకానికి ఒక అరపూట కేటాయించండి. కారవాన్ తగిలించాక పది అడుగులు వెనక్కి వచ్చి మీ కారును పక్కనుంచి చూడండి. ముక్కు ఆకాశం వైపు ఉంటే ఆ రోజు కదలకండి.

ఇది చదివాక పారేయకండి. కారవాన్ ఉన్న మరో ఇంటికి ఇవ్వండి.

– మీ తోటి ప్రయాణికుడు, మెల్‌బోర్న్