మన చెవికే కాదు, అవతలి చెవికి కూడా

"మూడు వేల లోపు మంచి బ్లూటూత్ హెడ్‌సెట్ ఒకటి చెప్పు. ఆఫీస్ కాల్స్‌కి పనికిరావాలి, పాటలూ బాగా వినపడాలి." సాఫ్ట్‌వేర్‌లో ఉన్నానని తెలిసిన చుట్టాలు, స్నేహితులు ఎప్పుడో ఒకప్పుడు అడిగే ప్రశ్న ఇది. అడిగేవాళ్ల దగ్గర అప్పటికే రెండు మూడు లింకులు ఉంటాయి. ఒకదానికి బేస్ ఎక్కువట, ఇంకోదానికి 60 గంటల బ్యాటరీ అట, మూడోదాని మీద ఇవాళ ఒక్కరోజే ఆఫరట. మైక్ ఎలా ఉంటుందని మాత్రం దాదాపు ఎవరూ అడగరు.

ఎందుకంటే పాట బాగా లేకపోతే మొదటి నిమిషంలోనే మనకి తెలిసిపోతుంది. మన గొంతు సరిగ్గా వెళ్లకపోతే తెలియదు. ఎనిమిదిమంది ఉన్న మీటింగ్‌లో మన మైక్ సంగతి తెలియని ఒకే ఒక్క మనిషి మనమే. మిగతా ఏడుగురూ మొహమాటానికి చెప్పరు.

దీనివల్ల జరిగే నష్టం చిన్నదేం కాదు. మా టీమ్‌లో కొత్తగా చేరిన ఒకమ్మాయి అనంతపురంలో ఇంటి నుంచే పనిచేసేది. పొద్దున స్టాండప్‌లో ఆమె మాట్లాడుతుంటే వాక్యం చివరి మాటలు మింగేసినట్టు వినపడేవి. "సారీ, కెన్ యూ రిపీట్?" అని రోజూ రెండుసార్లు అడిగించుకుంటే ఎవరికైనా నోరు పెగలదు. ఆమె కూడా మెల్లగా "నో అప్‌డేట్స్" దగ్గర ఆగిపోయింది. ఆరు నెలల రివ్యూలో "కమ్యూనికేషన్ మెరుగుపడాలి" అని రాశారు. ఆ తర్వాత ఒకరోజు ఇయర్‌బడ్స్‌లో చార్జింగ్ అయిపోయి, పాత ఫోన్‌తో వచ్చిన వైరు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కాల్‌లోకి వచ్చింది. ప్రతి మాటా గలగలా వినపడింది. ఇన్నాళ్లూ తప్పు చేసింది పద్దెనిమిది వందల ఇయర్‌బడ్స్ అని అప్పుడు అర్థమైంది. రివ్యూలో ఎక్కిన మాట మాత్రం అలాగే ఉంది.

కాల్‌లో చేరగానే పాట ఎందుకు చెడిపోతుంది?

బ్లూటూత్‌లో శబ్దం పంపడానికి ముఖ్యంగా రెండు పద్ధతులున్నాయి. పాటలకి వాడేది ఏ2డీపీ. ఇందులో శబ్దం ఫోన్ నుంచి చెవికి ఒకవైపే వెళ్తుంది, స్టీరియోలో, మంచి నాణ్యతతో. కాల్స్‌కి వాడేది హెచ్‌ఎఫ్‌పీ. ఇందులో మైక్ కూడా పనిచేయాలి కాబట్టి ఉన్న కాస్త దారినీ రెండువైపులా పంచుకోవాలి. దాంతో శబ్దం మోనో అయిపోతుంది. సీడీలో సెకనుకి 44,100 శాంపిళ్లు ఉంటాయి. కాల్ పద్ధతిలో పాతవాటికి 8,000, తర్వాత వచ్చినవాటిలో ఎక్కువగా 16,000.

ల్యాప్‌టాప్‌లో పాట నడుస్తుండగా మీటింగ్‌లో చేరితే ఆ పాట కాస్తా రేకు డబ్బాలోంచి వస్తున్నట్టు మారిపోయేది ఇందుకే. హెడ్‌సెట్ పాడైందనుకుని తిరిగి పంపేసేవాళ్లున్నారు. పాడవలేదండీ, మైక్ ఆన్ అయింది, అంతే. ఖరీదైనది కొన్నా ఈ పద్ధతి మీద నడిచినంతకాలం ఇదే వరస. ఎల్‌ఈ ఆడియో అనే కొత్త ప్రమాణం ఈ ఇబ్బందిని తీర్చగలదు. అయితే అది హెడ్‌సెట్‌లోనూ ఉండాలి, ల్యాప్‌టాప్‌లోనూ ఉండాలి.

కొత్తది కొనే ముందు పైసా ఖర్చు లేని పని ఒకటి చేసి చూడండి. జూమ్, టీమ్స్, మీట్ ఏది వాడినా ఆడియో సెట్టింగ్స్‌లో స్పీకర్ దగ్గర హెడ్‌సెట్‌ని, మైక్రోఫోన్ దగ్గర ల్యాప్‌టాప్ సొంత మైక్‌ని ఎంచుకోండి. హెడ్‌సెట్ మైక్ అవసరం పడదు కాబట్టి అది పాటల పద్ధతిలోనే ఉండిపోతుంది. గది నిశ్శబ్దంగా ఉంటే మీ గొంతు కూడా చాలా చవక ఇయర్‌బడ్స్ కంటే బాగా వెళ్తుంది. పక్కనే మిక్సీ, కుక్కర్ విజిల్, టీవీ సీరియల్ ఉన్న ఇంట్లో మాత్రం ఈ చిట్కా పారదు.

పెట్టె మీది మాటలు

ఏఎన్‌సీ, ఈఎన్‌సీ ఒకటే అనుకుంటారు చాలామంది. ఏఎన్‌సీ బయటి రొదని మీ చెవికి తగ్గిస్తుంది. ఫ్యాన్, ఏసీ, బస్సు ఇంజిన్ లాంటి ఒకే తీరు చప్పుడు మీద బాగా పనిచేస్తుంది. ఈఎన్‌సీ మీ చుట్టూ ఉన్న రొద అవతలివాళ్లకి వెళ్లకుండా చూస్తుంది. కాల్స్‌కి కావలసింది ఈ రెండోది. చవకవాటిలో అయితే ఇది రొదతో పాటు మన మాటల చివర్లు కూడా కోసేస్తుంటుంది.

"నాలుగు మైకులు" అని పెద్ద అక్షరాలతో రాస్తారు. ఇయర్‌బడ్స్‌లో ఆ నాలుగూ చెవుల దగ్గరే ఉంటాయి, మాట పుట్టేదేమో నోట్లో. చెంప పక్కగా నోటి ముందుకి వచ్చే కాడ మైక్, అదే బూమ్ మైక్, ఒక్కటి ఉన్నా రొదలో వాటికంటే నయం.

ఎల్‌డాక్ అని రాసి ఉంటే దానికోసం ఎక్కువ డబ్బు పెట్టే ముందు మీ ఫోన్ చూసుకోండి. ఐఫోన్‌లో అది పనిచేయదు. బ్యాటరీ గంటలు సాధారణంగా ఏఎన్‌సీ ఆపి, సౌండ్ మధ్యస్థంగా పెట్టి లెక్కేసినవి. వీటన్నిటికంటే రోజూ అక్కరకొచ్చేది మల్టీపాయింట్. ల్యాప్‌టాప్, ఫోన్ రెండిటికీ ఒకేసారి కలిసి ఉంటుంది. మీటింగ్ మధ్యలో అమ్మ ఫోన్ చేస్తే సెట్టింగ్స్‌లోకి వెళ్లి తంటాలు పడక్కర్లేదు.

మీ రోజు ఎలా గడుస్తుంది?

రోజుకి మూడు నాలుగు గంటలు ల్యాప్‌టాప్ మీద కాల్స్ ఉంటే, బూమ్ మైక్ ఉన్న హెడ్‌సెట్ తీసుకోండి. సొంత యూఎస్‌బీ డాంగుల్‌తో వచ్చేదైతే ఇంకా మంచిది, ల్యాప్‌టాప్ బ్లూటూత్ పేచీలు తప్పుతాయి. ముందు ఆఫీసులో ఐటీ వాళ్లని అడగండి, కొన్ని కంపెనీలు వాళ్లే ఇస్తాయి.

రోజుకి ఒకటి రెండు కాల్సే, అవీ నిశ్శబ్దమైన గదిలో అయితే, డబ్బంతా పాటల వైపు పెట్టండి. కాల్స్‌కి ల్యాప్‌టాప్ మైక్ సరిపోతుంది. కాల్స్ ఎక్కువగా ఫోన్ మీద, నడుస్తూ, బండి ఆపి మాట్లాడేవాళ్లకి ఇయర్‌బడ్సే సుఖం.

తల మీద పెట్టుకునేదైతే బరువు చూడండి. సోనీ డబ్ల్యూహెచ్-సీహెచ్520 లాంటివి 147 గ్రాములే. చెవిని పూర్తిగా మూసేసేవి ఏఎన్‌సీకి మంచివే గానీ, మే నెలలో బెజవాడలో ఏసీ లేని గదిలో పెట్టుకుంటే గంటకే చెమట కారుతుంది. కళ్లద్దాలున్నవాళ్లు కనీసం అరగంట పెట్టుకుని చూడాలి.

పాటల సంగతికొస్తే, చవక హెడ్‌సెట్లలో చాలావాటికి బేస్ కావాలనే పెంచుతారు. మొదటి రోజు అదిరిపోయినట్టుంటుంది. నాలుగో రోజుకి గొంతూ వయొలిన్లూ దాని కింద నలిగిపోతున్నాయని తెలుస్తుంది. మీకు కంఠతా వచ్చిన ఇళయరాజా పాట ఏదైనా పెట్టి వినండి. బేస్ గిటార్, ఫ్లూట్, గొంతు దేనికది విడిగా తెలిస్తే అది మంచి హెడ్‌సెట్టే. సౌండ్ మరీ పెంచకండి. పెద్దలకి 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు హద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన ఆఫీసు వారం ఇంచుమించు అంతే కదా.

తిరిగి పంపే గడువు ముగిసేలోపు

సికింద్రాబాద్ సీటీసీలో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా బీఐఎస్ గుర్తు కింద "ఆర్"తో మొదలయ్యే నంబరు చూడండి. బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అది ఎవరి పేరు మీదుందో తెలుస్తుంది. రిఫండ్ ఇస్తారా, వేరే పీస్ మాత్రమే ఇస్తారా అన్నది కూడా డబ్బు కట్టే ముందే చదువుకోండి. రివ్యూల్లో "మైక్" అన్న మాట వెతికి, ల్యాప్‌టాప్‌తో వాడినవాళ్లు ఏం రాశారో చూడండి.

పెట్టె ఇంటికొచ్చిన రోజే హెడ్‌సెట్‌ని ల్యాప్‌టాప్‌కి కలిపి, మీరు నిజంగా పనిచేసే కుర్చీలో, నిజంగా కాల్ ఉండే వేళలో కూర్చోండి. ఫ్యాన్ ఫుల్లుగా పెట్టండి. వంటింట్లో పనులు ఆపమనకండి. ఒక్క నిమిషం, మీటింగ్‌లో మాట్లాడినట్టే, కాస్త వేగంగా మాట్లాడి రికార్డ్ చేయండి. ఆ రికార్డింగ్‌ని ఆ హెడ్‌సెట్‌లో కాకుండా ఫోన్ స్పీకర్లో వినండి. ప్రతి వాక్యం చివరి మాట తెలిస్తే ఉంచుకోండి. తెలియకపోతే ఆఫర్ ఎంతదైనా వెనక్కి పంపేయండి.

ఇప్పటికే కొనేసినవాళ్లకి ఇంకా తేలిక దారి ఉంది. రేపు చనువున్న సహోద్యోగితో కాల్‌లో ఉన్నప్పుడు "నా గొంతు ఎలా వినపడుతోంది, నిజం చెప్పు" అని అడగండి.