భయం నేర్పే పాఠం ఏది?

“భయం ఉంటేనే చదువు వస్తుంది” అన్న మాటను తల్లిదండ్రుల నోట, సహోపాధ్యాయుల నోట, ఒక్కొక్కప్పుడు మన కార్యవర్గ పెద్దల నోట కూడ వింటూ ఉంటాను. ఈ మాటలో సగం నిజం ఉన్నది. భయం నేర్పుతుంది, సందేహం లేదు. అయితే అది నేర్పేది మనం చెప్పదలచిన పాఠమేనా? దీనికి సమాధానం నీతిశాస్త్రంలో కంటె మెదడు నిర్మాణంలోనే స్పష్టంగా కనిపిస్తుందని నా అభిప్రాయం.

కణతలకు లోపలగా, మెదడు లోతున, రెండు చిన్న భాగాలు ఒకదాని ప్రక్కన ఒకటి ఉన్నాయి. ఒకటి హిప్పోకాంపస్. సముద్రపు గుర్రాన్ని పోలి ఉన్నందున దానికి ఆ పేరు వచ్చింది. రెండవది అమిగ్డలా, అనగా గ్రీకు భాషలో బాదం. (బాదం అన్న మాట మన ఉర్దూ, తెలుగు విద్యార్థులు ఉభయులకూ సొంతమే గనుక జ్ఞాపకం ఉంచుకోవడం సులభం.) ఇవి ఇరుగుపొరుగులే కాని వీటి పనులు వేరు.

మొదటి దాని పని ఒక దురదృష్టవంతుని వలన లోకానికి తెలిసింది. 1953లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ నగరంలో హెన్రీ మొలైసన్ అనే 27 ఏండ్ల యువకునికి, మూర్ఛవ్యాధి నివారణకై, విలియం స్కోవిల్ అనే వైద్యుడు శస్త్రచికిత్స చేసి, మెదడు ఇరుపక్కలా హిప్పోకాంపస్‌లో చాలా భాగాన్ని, దాని పరిసరాలను తొలగించాడు. మూర్ఛలు తగ్గాయి. కాని నాటి నుండి 2008లో కన్నుమూసేవరకు, 55 ఏండ్లపాటు, కొత్తగా జరిగిన సంగతి ఏదీ ఆయన మనసులో నిలువలేదు. ఏండ్ల తరబడి పరీక్షించిన శాస్త్రజ్ఞురాలు బ్రెండా మిల్నర్ ఆయనకు ప్రతిసారీ కొత్త మనిషే. అయినా, అద్దంలో చూస్తూ నక్షత్రపు బొమ్మను గీయడం ఆయన చేతికి 3 రోజులలో అలవడింది. గీయడం నేర్చుకున్నానన్న సంగతి మాత్రం ఆయనకు తెలియదు!

ఇంతకంటె విచిత్రమైనది 1911లో జెనీవా శాస్త్రజ్ఞుడు క్లాపరేద్ ప్రకటించిన సంఘటన. జ్ఞాపకశక్తి నశించిన ఒక స్త్రీతో కరచాలనం చేస్తూ, వేళ్ళ సందున దాచిన గుండుసూదితో ఆయన ఆమెను గుచ్చాడు. ఆమె ఆ సంగతి మరచిపోయింది. కాని మరల చేయి చాపినప్పుడు వెనుకకు తీసుకున్నది. ఎందుకో సరిగా చెప్పలేకపోయింది. మనసు మరచిన భయాన్ని శరీరం మరువలేదన్నమాట. ఆ భయాన్ని దాచేది ముఖ్యంగా ఆ బాదం గింజే అని తరువాతి పరిశోధనలు తేల్చాయి.

ఇక నా సంగతి. ఇంట ఉర్దూ, బడిలో తెలుగు. నాలుగవ తరగతిలో పద్యం అప్పగిస్తూ “ళ”ను “ల”గా పలికాను. మాస్టారు నా ఉచ్చారణను అనుకరించి తరగతినంతా నవ్వించి, ఆపై బెత్తం అందుకున్నారు. ఆ బల్ల, ఆ కిటికీ, ఆ నవ్వు నేటికీ కళ్ళకు కట్టినట్లున్నాయి. పద్యం మాత్రం ఆనాడు రానే లేదు. ఎం.ఏ. చదివే రోజులలో మరల మొదటి నుండి నేర్చుకున్నాను. తెలుగు పంతులునైన నాకే ఇట్లుంటే, ఆనాడే తెలుగుకు దూరమైన నా తోటివారి మాట ఏమిటి?

కొంత ఉద్వేగం జ్ఞాపకాన్ని గట్టిపరుస్తుందన్నది శాస్త్రం ఒప్పుకున్న మాటే. దానిని నేను కాదనను. కాని ఆశ్చర్యమూ, ఆసక్తీ, గెలుపు వలన కలిగే సంతోషమూ ఉద్వేగాలే కదా! మితిమీరిన భయమైతే వచ్చిన దానిని కూడ నోటికి రానీయదు. పరీక్ష హాలులో తెల్లకాగితం ఇచ్చి, గేటు దాటగానే జవాబు గడగడ చెప్పే విద్యార్థిని మనం ఎరుగనివారమా?

మన కళాశాలలో మార్కులను తరగతి ముందు బిగ్గరగా చదివి, తప్పినవారిని నిలబెట్టే ఆచారం ఉన్నది. వారిలో పలువురు తమ ఇంటి నుండి కళాశాల మెట్లెక్కిన మొదటివారు. నా తెలుగు తరగతిలో ఈ యేడు నుండి జవాబు పత్రాలను ఎవరివి వారికే మడిచి ఇస్తున్నాను. తక్కిన శాఖలలోను ఈ పద్ధతిని అనుమతించే విషయాన్ని కార్యవర్గం వారు రాబోయే సమావేశంలో చర్చకు తీసుకోవలసినదిగా కోరుతున్నాను.