గోడకు ప్లగ్గు వచ్చాకే కారుకు రాయితీ

వరికుంటపాడు మండలంలో కారున్న కుటుంబానికి ప్రయాణాలు రెండు రకాలు. ఉదయగిరికో వింజమూరుకో పనిమీద పోయి రావడం ఒకటి. ఆసుపత్రికనో కలెక్టరేటుకనో నెల్లూరు దాకా పోవడం రెండోది. ఆ రెండో దానికి పోనురాను రెండు వందల కిలోమీటర్లు దాటుతుంది. రెండు అవసరాలూ ఒకే బండితో తీరాలంటే, కాగితం మీద ప్లగిన్ హైబ్రిడ్‌ను మించింది లేదు. దగ్గరి తిరుగుళ్లన్నీ రాత్రి ఇంటి దగ్గర పెట్టిన చార్జింగ్‌తో అయిపోతాయి. దూరం పోవాల్సొస్తే పెట్రోలు ఇంజను ఉండనే ఉంది. దారిలో చార్జరు దొరుకుతుందో లేదోనన్న బెంగ ఉండదు.

అయితే ఆ కారు మన మెట్ట ప్రాంతపు వాళ్లు కొనగలిగే ధరలో లేదు. ఇన్నోవా హైక్రాస్ లాంటివి హైబ్రిడ్లే గానీ వాటికి ప్లగ్గు ఉండదు. ప్లగ్గున్న హైబ్రిడ్ అంటే మన దేశంలో ఇన్నాళ్లూ బీఎండబ్ల్యూ, వోల్వో, పోర్షే లాంటి కంపెనీలు అమ్మే ఖరీదైన కార్లే. పన్నులోనూ తేడా చాలా ఉంది. పూర్తి విద్యుత్ కారుకు జీఎస్టీ 5 శాతమైతే, 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద హైబ్రిడ్లకు 40 శాతం. హైబ్రిడ్లకూ పన్ను తగ్గించాలని కొన్ని కంపెనీలు ఏళ్ల తరబడి అడుగుతున్నాయి. ప్లగిన్ హైబ్రిడ్ విషయంలో మా మాట ఒకటే: ఇంటి దగ్గర చార్జింగ్ ఖాయం కాకుండా ఆ రాయితీ ఇవ్వడం ప్రజల సొమ్మును పెట్రోలు ట్యాంకులో పోయడమే.

ఇది ఊహించి అంటున్న మాట కాదు. యూరప్‌లో రోడ్ల మీద తిరుగుతున్న కార్లలోని ఇంధన లెక్కల పరికరాల సమాచారాన్ని యూరోపియన్ కమిషన్ సేకరించి 2024 మార్చిలో నివేదిక ఇచ్చింది. ప్లగిన్ హైబ్రిడ్లు వదిలే కార్బన్ డయాక్సైడ్, ప్రయోగశాలలో చూపిన దానికన్నా సగటున మూడున్నర రెట్లు ఎక్కువని అందులో తేలింది. అనుకున్నంత తరచుగా జనం చార్జింగ్ పెట్టకపోవడమే అందుకు ముఖ్య కారణం. వీధి వీధికీ చార్జర్లున్న దేశాల్లోనే కథ ఇలా నడిస్తే, ఇక్కడ ఏమవుతుందో వేరే చెప్పాలా? చార్జింగ్ పెట్టని ప్లగిన్ హైబ్రిడ్ బరువైన బ్యాటరీని ఊరికే మోసుకు తిరిగే పెట్రోలు కారే.

ఒక్క విషయంలో మన పల్లెది పైచేయి. హైదరాబాద్ అపార్ట్‌మెంట్‌లో ఉండేవాడు సెల్లారులో ఒక ప్లగ్గు కోసం అసోసియేషన్‌ను బతిమాలుకోవాలి. ఉదయగిరి, ఆత్మకూరు పల్లెల్లో ఇల్లు సొంతం, ముందు వాకిలి సొంతం. బండి గోడ పక్కనే ఆగుతుంది. 18 యూనిట్ల బ్యాటరీని మూడు కిలోవాట్ల ప్లగ్గుతో నింపడానికి ఆరు గంటలు చాలు. రాత్రి పదికి పెడితే తెల్లవారుజాము నాలుగుకు నిండుతుంది. బిల్లుకూ మరీ బెదరనక్కర్లేదు. రాష్ట్రంలో ఇంటి వాడకం 225 యూనిట్లు దాటితే 400 దాకా యూనిట్‌కు ₹8.75, ఆపైన ₹9.75. అంత పెట్టినా కిలోమీటరుకు పడేది దాదాపు రెండు రూపాయలే. లీటరు వంద దాటిన పెట్రోలు ముందు అది చవకే.

చిక్కంతా కరెంటు నాణ్యతలో ఉంది. పాతిక కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఇలాంటి కార్లు ఎనిమిది ఒకేసారి చార్జింగ్‌కు పెడితే మిగతా ఇళ్లలో ఫ్యాను కూడా సరిగా తిరగదు. అంతకన్నా చిన్నగా కనిపించే పెద్ద సమస్య ఎర్తింగ్. ఎర్తు సరిగా లేకపోతే కారు చార్జరు ఎర్ర లైటు చూపించి ఆగిపోతుంది, అలా ఆగడమే క్షేమం కూడా. మన నేల రాతి నేల. ఎప్పుడో ఉప్పు, బొగ్గు వేసి పూడ్చిన ఎర్తు గుంత ఏప్రిల్ వచ్చేసరికి ఎండి బిగుసుకుపోతుంది. రెండు బిందెల నీళ్లు పోస్తే తప్ప పనిచేయదు. తాగే నీళ్లకే ట్యాంకర్ల కోసం చూసే ఊళ్లలో గుంతకు నీళ్లెవరు పోస్తారు? చాలా ఇళ్లలో ఆ గుంత ఎక్కడుందో కూడా తెలియదు.

చార్జింగ్ స్టేషన్లకు సర్కారు డబ్బు లేదనీ కాదు. విద్యుత్ వాహనాల కోసం కేంద్రం తెచ్చిన పీఎం ఈ-డ్రైవ్ పథకం మొత్తం ₹10,900 కోట్లలో ₹2,000 కోట్లు బహిరంగ చార్జింగ్ స్టేషన్లకే కేటాయించారు. 2019లో కేంద్రం సవరించిన మార్గదర్శకాలు నగరాల్లో మూడు కిలోమీటర్లకొకటి, హైవేల మీద పాతిక కిలోమీటర్లకొకటి స్టేషన్ ఉండాలన్నాయి. తొలి విడత 40 లక్షల జనాభా దాటిన నగరాలకు, మలి విడత రాష్ట్ర రాజధానులకు. ఆ వరసలో మండల కేంద్రానికి చోటే లేకపోయింది. ఇంటి ప్లగ్గుకైతే అనుమతి ఇచ్చి ఊరుకున్నారు.

చట్టం మాత్రం మన వైపే ఉంది. విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలను 2024 ఫిబ్రవరిలో సవరించి, బండి చార్జింగ్‌కు అడిగినవాళ్లకు విడిగా సర్వీసు ఇవ్వాలన్నారు. గ్రామాల్లో కొత్త సర్వీసుకు గడువు 15 రోజులు. ఈ సంగతి తెలిసిన రైతు ఎంతమంది? నిబంధన గెజిట్‌లో ఉంటే చాలదు, విద్యుత్ సెక్షన్ ఆఫీసు గోడ మీద తెలుగులో కనిపించాలి.

దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థను మేం అడిగేది కొండంత పనేమీ కాదు. చార్జింగ్ సర్వీసు ఇచ్చేటప్పుడే ఎర్తు పరీక్షించి, బాగాలేకపోతే సరిచేయించాలి. దరఖాస్తులు పెరిగిన వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయేదాకా ఆగకుండా ముందే సామర్థ్యం పెంచాలి. ఇల్లు లేనివాళ్లకు, దారిన పోయేవాళ్లకు ఉదయగిరి, ఆత్మకూరు బస్టాండ్లలో ఆర్టీసీ కొంచెం చోటిస్తే సరిపోతుంది. ప్లగిన్ హైబ్రిడ్‌కు పన్ను తగ్గించాలనుకుంటే జీఎస్టీ కౌన్సిల్ ఒక్క షరతు పెట్టాలి: కొనేవారి పేరున చార్జింగ్ సర్వీసు నంబరు ఉండాలి. ఆ నంబరు లేని కారుకు 40 శాతం పన్ను తగ్గించాల్సిన పనిలేదు.