మన పేర్లు తెలుగులోనే ఉండనివ్వండి

ఉగాది పుస్తకంలో సభ్యుల పట్టిక ఈసారి ఇంగ్లీషు అక్షరాల్లో వేద్దామని మన మడివాళ పీజీల కుర్రాళ్లు గ్రూపులో పెట్టారు. చందాల లెక్క, బకాయిలు అన్నీ వాళ్లు పవర్‌షెల్ స్క్రిప్టుతో తేలుస్తున్నారు. మెచ్చుకోవాల్సిందే. కానీ స్క్రిప్టుకి తెలుగు కుదరదన్న మాట నేను ఒప్పుకోను.

విండోస్‌తో పాటు వచ్చేది పాత 5.1. అందులో ఎక్స్‌పోర్ట్-సీఎస్‌వీ అంటే, వేరే ఏమీ చెప్పకపోతే ఆస్కీలో రాస్తుంది. ఆస్కీలో ఉన్నవి 128 గుర్తులు, తెలుగు ఒక్కటీ లేదు. రామయ్యకి ఆరు ప్రశ్నార్థకాలు, సీతమ్మకీ ఆరే. మొగుడెవరో పెళ్లామెవరో ఆ ఫైలు చూసి ఎవరూ చెప్పలేరు. అదే ఆజ్ఞ చివర ఎన్‌కోడింగ్ యూటీఎఫ్8 అని చేరిస్తే పేర్లు పేర్లుగానే ఉంటాయి. 2018లో వచ్చిన 6వ వెర్షన్ నుంచి అది కూడా చెప్పక్కర్లేదు. ఇప్పటి 7ని విడిగా దించుకోవాలి, పాతదాని పక్కనే ఉంటుంది, డబ్బులు కట్టనక్కర్లేదు.

అసలు పవర్‌షెల్ గొప్పతనం దానికి తగిలించుకునే మాడ్యూళ్లలో ఉంది. ఇంపోర్ట్‌ఎక్సెల్ అని ఒకటి ఉంది. పవర్‌షెల్ గ్యాలరీ నుంచి ఒక్క ఆజ్ఞతో వస్తుంది. కంప్యూటర్‌లో ఎక్సెల్ లేకపోయినా ఎక్సెల్ ఫైలు చదువుతుంది, రాస్తుంది. మధ్యలో సీఎస్‌వీ గొడవే లేదు. మన పట్టిక ఎలాగూ ఎక్సెల్‌లోనే ఉంది కదా!

ఒక్క చోట మాత్రం కుర్రాళ్లు జాగ్రత్తగా ఉండాలి. మన కంటికి శ్రీ ఒక అక్షరం, కంప్యూటర్ లెక్కలో నాలుగు: శ, పొల్లు, ర, గుడిదీర్ఘం. శ్రీనివాసులు పేరులో మొదటి అక్షరం కొయ్యమంటే ఉత్త శ వస్తుంది. కాబట్టి ఇనీషియళ్లు స్క్రిప్టుతో కోయొద్దు, పట్టికలో వేరే గడి పెట్టండి.

ఇంత పట్టుదల ఎందుకంటారా? నేను చదివింది తమిళ మీడియం. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం, గోపాల్‌ని రాసినా కోపాల్‌ని రాసినా ఒకటే రాత. తెలిసినవాడు సరిగ్గా చదువుతాడు, తెలియనివాడు తోచినట్టు పిలుస్తాడు. ఇంగ్లీషు అంతకన్నా మేలేం కాదు. ఆర్, ఏ, ఎమ్, ఏ అని రాస్తే అది రమా, రామా? రైల్వేలో ఉన్నన్నాళ్లూ చార్టుల్లో ఇలాంటివి ఎన్ని చూశానో. బెర్తు దొరికితే చాలు కాబట్టి అక్కడ ఎవరూ పట్టించుకోరు. మన పుస్తకం అలాంటిది కాదు. అందులో పోయినవాళ్ల పేర్లు కూడా వేస్తాం. వాళ్ల మనవళ్లు ఈ ఊళ్లో కన్నడం, ఇంగ్లీషు చదువుతున్నారు. తాతపేరు తెలుగులో చూసేది బహుశా అందులోనే.

ఆదివారం మీటింగుకి ల్యాప్‌టాప్ తీసుకురండి నాయనా. రామయ్య, సీతమ్మ, శ్రీనివాసులు, ఈ మూడు పేర్లతో ముందు నడిపి చూద్దాం. సరిగ్గా వస్తే మొత్తం పట్టిక ఎక్కించవచ్చు. టైపింగ్ తప్పులు దిద్దడానికి నేను కూర్చుంటాను.