చెప్పిన తేదీకి రాని పార్శిలు



మీలో నలభై దాటినవారికి వి.పి.పి. పార్శిలు జ్ఞాపకముండే యుంటుంది. పత్రికలో ప్రకటన చూచి, ఒక కార్డు వ్రాసి పోస్టులో వేస్తే, కొన్ని వారములకు పోస్టుమాను పార్శిలు పట్టుకొని వచ్చేవాడు. సొమ్ము చెల్లించిన తరువాతనే కట్టు విప్పవలెను. లోపల మనము కోరిన పుస్తకమే ఉండవచ్చును, చేతి గడియారమునకు బదులు పిల్లలాడుకొను బొమ్మ గడియారమూ ఉండవచ్చును. మన దేశములో 1877లో మొదలైన ఆ పద్ధతిలో వస్తువు ఎప్పుడు వచ్చునో ఎవరూ తేదీ చెప్పేవారు కారు. మనమూ అడిగేవారము కాము.

ఇప్పుడు సంగతి వేరు. కంభం, గిద్దలూరు పట్టణములలోనే గాక అర్ధవీడు, రాచర్ల, బేస్తవారిపేట పల్లెలలో కూడ చీరలు, కుక్కర్లు, చెప్పులు, చివరకు పొలము పనిముట్లు సైతము ఫోనులోనే కొనుచున్నారు. ఫలానా రోజున వచ్చునని ఫోను తేదీ చూపుచున్నది. ఆ తేదీని నమ్మి మనము సొమ్ము ముందే కట్టుచున్నాము. తేదీ తప్పితే మాత్రము “మన ఖర్మ” అని ఊరుకొనుచున్నాము. అట్లు ఊరుకొనవలసిన పని లేదని చెప్పుటకే ఈ మాసము ఈ శీర్షిక.

మా సంఘములో ఒక రైతు కుటుంబమున్నది. రెండెకరముల మిరప తోట వారి ఆధారము. తోటలో తామర పురుగు కనబడగానే కుమారుడు ఫోనులో చార్జింగు స్ప్రేయరు ఒకటి చూచి, మూడు వేల పైచిలుకు ముందుగానే చెల్లించి ఆర్డరు పెట్టినాడు. శుక్రవారము వచ్చునని ఉన్నది. శుక్రవారము పోయి సోమవారమైనది, సోమవారము పోయి గురువారమైనది. మధ్యలో ఒకనాడు “మేము వచ్చినప్పుడు మీరు ఇంట లేరు” అని మెసేజి వచ్చినది. ఆ దినమంతయు తల్లి వాకిటనే కూర్చొని యున్నది! చివరకు వేరొకరి మిషను బాడుగకు తెచ్చి మందు కొట్టినారు గాని, అప్పటికే ఆకు ముడుచుకొనిపోయినది. స్ప్రేయరు పదకొండు రోజులు ఆలస్యముగా ఇంటికి చేరినది. వెనుకకు తీసుకొనుడని అడిగితే, వస్తువులో లోపమేమీ లేదు గనుక వాపసు కుదరదన్నారు.

ఆ తల్లి మా యొద్దకు వచ్చి, “అయ్యగారూ, వాళ్ళు చెప్పేది న్యాయమేనేమో. మిషను బాగానే ఉంది గదా” అన్నది.

“లేదమ్మా, న్యాయము కాదు” అని మేము చెప్పితిమి. ఎందుకు కాదో వివరముగా చూతము.

వినియోగదారుల రక్షణకు 1986లో మొదటి చట్టము వచ్చినది. దాని స్థానములో 2019లో కొత్త చట్టము చేసినారు. అది 2020 జూలై 20 నుండి అమలులోనికి వచ్చినది. మూడు దినముల తరువాత, జూలై 23న, ఫోను ద్వారా, కంప్యూటరు ద్వారా జరుగు అమ్మకముల కొరకు కేంద్ర ప్రభుత్వము ప్రత్యేక నియమములు ప్రకటించినది. ఆ నియమములలో అమ్మకందారునికి పెట్టిన ఆజ్ఞ ఒకటున్నది. వస్తువు లోపముగలదైనా, నకిలీదైనా, ప్రకటనలో చూపినట్లు లేకున్నా వెనుకకు తీసుకొననని గాని, సొమ్ము తిరిగి ఇవ్వనని గాని అతడు చెప్పకూడదు. ఇంతవరకు చాలమందికి తెలుసును. తెలియనిది నాలుగవ కారణము: చెప్పిన తేదీకంటె ఆలస్యముగా వచ్చినా అంతే. అనగా తేదీ కూడ బేరములో భాగమే. రంగు, సైజు, ధర ఎట్లో తేదీ అట్లే. స్ప్రేయరు బాగానే పనిచేయవచ్చును గాని, మందు కొట్టవలసిన అదను దాటిన తరువాత రైతుకు దానితో ఏమి పని?

దీనికి ఒక మినహాయింపున్నది. మనుష్యుని చేతిలో లేని ఆపద వలన ఆలస్యమైతే ఆ నియమము వర్తించదు. 2024 సెప్టెంబరు మొదట బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు అటునుండి రావలసిన పార్శిలు ఆగిపోతే దానికి అమ్మినవాని మీద అలుగుట తగదు. పండుగ రద్దీ మాత్రము అట్టి ఆపద కాదని మా అభిప్రాయము. పండుగ ఏ రోజున వచ్చునో తేదీ ఇచ్చిన వారికి ముందే తెలుసును గదా!

ఇక్కడ మరొక చిక్కు వచ్చును. మనకు వస్తువు అమ్మినది ఎవరు? ఫోనులో కనబడు పెద్ద కంపెనీయా, మరొకరా? దీనిని మన వారపు సంతతో పోల్చి చూడుడి. సంతలో కూరగాయలమ్మేది ఒకరు, ఆశీలు వసూలు చేసుకొనేది మరొకరు. ఫోనులోని కంపెనీలు అనేక పర్యాయములు ఆశీలుదారు వంటివే. అమ్మేవాడు ఢిల్లీలోనో సూరత్‌లోనో వేరొకడుండును. అయితే సంతలో మనిషి ముఖము కనబడును, ఫోనులో కనబడదు. కాబట్టి అమ్మకందారుని పేరు, చిరునామా, అతనిని సంప్రదించు నెంబరు కొనుగోలుదారునికి కనబడునట్లు పెట్టవలసిన బాధ్యత కంపెనీ మీద ఉన్నది. అంతేగాక ఫిర్యాదులు వినుటకు ఒక అధికారిని నియమించి, అతని పేరు, హోదా, సంప్రదించు వివరములు ప్రకటించవలెను. ఫిర్యాదు అందినట్లు ఆ అధికారి 48 గంటలలో తెలియజేయవలెను, ఒక నెలలోపల పరిష్కరించవలెను. సాధారణముగా మనకు ఫోనులో దొరికే అమ్మాయికో, జవాబులిచ్చే యంత్రమునకో చెప్పి అంతటితో చాలించుచున్నాము. ఆ అధికారికి వ్రాతపూర్వకముగా పంపినప్పుడే గడువు లెక్క గట్టిగా నిలుచును.

“మేము సంత పెట్టినవారము మాత్రమే, సరుకు మాది కాదు” అను మాట అన్నివేళల చెల్లదు. ప్రెషరు కుక్కర్లకు ఐ.ఎస్.ఐ. గుర్తు 2021 ఫిబ్రవరి 1 నుండి తప్పనిసరి అయినది. ఆ తరువాత కూడ ప్రమాణము లేని కుక్కర్లు అమెజాన్‌లో 2,265 అమ్ముడుపోయినవి. 2022 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆ కంపెనీకి లక్ష రూపాయల జరిమానా వేసి, కొన్నవారందరికి సమాచారమిచ్చి, కుక్కర్లు వెనుకకు తీసుకొని సొమ్ము చెల్లించుమని ఆజ్ఞాపించినది. ప్రతి అమ్మకము మీద రుసుము తీసుకొనుచు, తీరా సమస్య వచ్చినప్పుడు మాకు సంబంధము లేదనుట కుదరదని ఆ సంస్థ తలంచినది. కంపెనీ ఆ ఉత్తర్వు మీద ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళినది. అది అట్లుండగా, తల్లులు ఫోనులో కుక్కరు కొనునప్పుడు ధరకంటె ముందు ఆ గుర్తును చూడుడని మా మనవి.

ఆలస్యములలో కొన్నిటికి మన చిరునామాయే కారణము. మన కంభమునకు ఇంగ్లీషులో వ్రాయు అక్షరములు, తమిళనాడు తేని జిల్లాలోని కంబం పట్టణమునకు వ్రాయు అక్షరములు ఒక్కటే. రెంటిని వేరుచేయునది పిన్ నెంబరు. 1972 ఆగస్టు 15న వచ్చిన ఈ ఆరంకెల పద్ధతిలో మన నెంబరు 5తో మొదలగును, తమిళనాడుది 6తో. పిల్లలచేత ఆర్డరు పెట్టించునప్పుడు ఈ ఆరంకెలు ఒకసారి బిగ్గరగా చదివించుకొనుడి. నల్లమల అంచున ఉన్న ఊళ్ళలో ఫోను సిగ్నలు అందదు. పొలములో ఉన్నప్పుడు అసలే అందదు. ఇంటియొద్ద ఉండు వారి నెంబరు కూడ ఇచ్చుట మంచిది. బండి మీద వచ్చు కుర్రవాని మీద మాత్రము కేకలు వేయకుడి. ఎండలో ఊరూర తిరిగి పార్శిళ్ళు చేరవేయువాడు తేదీ ఇచ్చినవాడు కాడు. అయితే ఇంట మనిషి ఉండగా లేరని మెసేజి వచ్చినప్పుడు అదే దినమున కంపెనీకి తెలియజేయవలెను. రేపు అంటే సాక్ష్యము సన్నగిల్లును.

సాక్ష్యమన్నాము గనుక ఆ సంగతి చెప్పవలెను. ఆర్డరు పెట్టిన వెంటనే కనబడిన తేదీని ఫోనులో ఫోటో తీసి దాచుడి. తరువాత ఆ తేదీ తెరమీద మారిపోవును, మొదటిది కనబడదు. తేదీ మారినట్లు వచ్చిన మెసేజీలు చెరిపివేయకుడి. పార్శిలు విప్పునప్పుడు కట్టు చెక్కుచెదరకుండ ఉన్నప్పటినుండి వస్తువు బయటపడు వరకు ఎడతెగక వీడియో తీయుడి. ఇంట చదువుకున్న పిల్లవాడుంటే ఇది రెండు నిమిషముల పని. ఎదుటనే విప్పి చూపు పద్ధతిలో వచ్చిన పార్శిలు అయితే చూచిన తరువాతనే ఓ.టి.పి. చెప్పవలెను, ముందు కాదు. మీరు ఆర్డరు పెట్టని పార్శిలు వచ్చి సొమ్ము అడిగితే తీసుకొననే వద్దు.

మన వైపు సంగతి కూడ ఒక మాట. పెండ్లికి చీర తెప్పించి, కట్టుకొని, ఫోటోలు దిగి, మరునాడు బాగులేదని తిప్పి పంపువారున్నారు. నవ్వుచు చెప్పుకొందురు గూడ. అది దొంగతనము కాదని మేము చెప్పలేము.

మరి పార్శిలు రానప్పుడు కంగారులో చేయు ఒక పని మహా ప్రమాదము. కంపెనీ నెంబరు కొరకు ఇంటర్నెట్‌లో వెదకి, కనబడిన మొదటి నెంబరుకు ఫోను చేయుదురు. అక్కడ మోసగాడు కూర్చొని యుండును. సొమ్ము తిరిగి ఇచ్చెదనని మాటలాడుచునే ఏదో యాప్ వేయించి, బ్యాంకు ఖాతా ఖాళీ చేయును. నెంబరు కావలసివస్తే ఆర్డరు పెట్టిన యాప్ లోపలనే వెదకవలెను. సొమ్ము తిరిగి వచ్చుటకు మీ పిన్ గాని, ఓ.టి.పి. గాని ఎవరికీ అవసరము లేదు. ఒకవేళ మోసపోతే ఆలస్యము చేయక 1930కి ఫోను చేసి, బ్యాంకుకు కూడ తెలుపవలెను. డబ్బు మరొక ఖాతాకు జారిపోక మునుపే ఆపవలెను గనుక ఇక్కడ ప్రతి గంట విలువైనది.

కంపెనీ మాట వినకపోతే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రము ఉన్నది, నెంబరు 1915. తెలుగులోనే చెప్పవచ్చును. మొత్తము 17 భాషలలో ఫిర్యాదులు తీసుకొనుచున్నారు. అది కోర్టు కాదు, కంపెనీకి తెలియజేసి పరిష్కారమునకు ప్రయత్నించును. పైన చెప్పిన కుటుంబము చేసినది ఇదే. కుమారుడు దాచిన మొదటి తేదీ ఫోటో ఉపయోగపడినది. నెల తిరుగక మునుపే సొమ్ము ఖాతాలో పడినది, స్ప్రేయరును వచ్చి తీసుకొనిపోయినారు. తోటలో జరిగిన నష్టమునకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు.

నష్టపరిహారము కావలెననిన యెడల వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవలెను. ఒంగోలులో జిల్లా కమిషన్ ఉన్నది. పాత చట్టములో ఎదుటి పక్షమువారి వ్యాపారమున్న చోటనో, వివాదము పుట్టిన చోటనో వ్యాజ్యము వేయవలసి వచ్చెడిది. 2019 చట్టము కొన్నవాడు నివసించు చోటనే వేయవచ్చునని స్పష్టముగా చెప్పినది. బెంగుళూరు కంపెనీ మీద కంభం రైతు ఒంగోలులో ఫిర్యాదు చేయవచ్చును. కొన్న వస్తువు వెల 5 లక్షల లోపయితే రుసుము లేదు. వకీలును పెట్టుకొనవలెనన్న నిర్బంధము లేదు. కారణము పుట్టిన నాటినుండి రెండేండ్లలోపల వేయవలెను. అయితే పంట నష్టము స్ప్రేయరు ఆలస్యము వలననే కలిగినదని ఋజువు చేయుట తేలిక కాదు. బాడుగ మిషనుకు చెల్లించిన సొమ్ముకు రశీదు, పురుగు పట్టిన తోట ఫోటోలు తేదీలతో సహా, వ్యవసాయ అధికారి వచ్చి చూచి వ్రాసిచ్చిన కాగితము ఉంటే కొంత బలము. ఆ కుటుంబము యొద్ద ఇవేవీ లేవు.