అభ్యాసమునకు చిన్న యాంప్లిఫయరే చాలును

కళాశాలలో సంగీతమన్నంతనే వార్షికోత్సవపు వేదికయు, మైకుసెట్టును, చప్పట్లును మనకు జ్ఞప్తికి వచ్చును. ఆ ఒక్క సాయంకాలమునకు వెనుక నుండవలసిన నెలల తరబడి సాధన మాత్రము ఎవరికిని జ్ఞప్తికి రాదు. గజల్ పాడువారికి హార్మోనియము, కవ్వాలీకి తబలా, ఢోలకు ఉన్న చాలును. అవి తమంతట తామే పలుకును. విద్యుత్ బేస్ గిటారు అట్టిది కాదు. దాని కొయ్య గట్టిది, లోపల బోలు లేదు. యాంప్లిఫయరు లేనిచో అది దాదాపు మూగవాద్యమే. కావున ఈ వాద్యము నేర్చుకొను విద్యార్థులకొరకు, చేతితో మోసికొని పోదగిన చిన్న అభ్యాస యాంప్లిఫయరు నొకదానిని సంగీత సంఘమునకు సమకూర్చవలెనని కళాశాల కమిటీ వారికి మా మనవి.

"కొనదలచినచో పెద్దదే కొనవలెను" అని విద్యార్థులలో కొందరు వాదింతురు. ఈ వాదములో కొంత సత్యము లేకపోలేదు. బేస్ గిటారు యొక్క లావు తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపించును. మామూలు గిటారు లావు తీగ సుమారు 82 సార్లు. ఇంతటి మంద్రస్వరమును గట్టిగా వినిపించుటకు స్పీకరు ఎక్కువ గాలిని కదల్పవలెను. పైగా మన చెవి మంద్రస్వరములను తక్కువగా గ్రహించును. అందుచేతనే లియో ఫెండరు 1951లో ప్రెసిషన్ బేస్ గిటారును వెలువరించి, 1952లో దానికొరకు బాస్‌మన్ అను ప్రత్యేక యాంప్లిఫయరును తెచ్చెను.

అయితే వేదిక వేరు, సాధన వేరు. యాంప్లిఫయరు శక్తి రెట్టింపైనచో ధ్వని 3 డెసిబెళ్లు మాత్రమే పెరుగును; చెవికి రెట్టింపుగా తోచవలెనన్న శక్తి ఇంచుమించు పదిరెట్లు కావలెను. ఒక్క గదిలో ఒక్క విద్యార్థి సాధనకు 10 మొదలు 25 వాట్లు చాలును. చిన్న స్పీకరు 41 కంపనముల మూలస్వరమును పూర్తిగా పలికింపజాలదు, నిజమే. కాని దాని పైనున్న 82, 123 కంపనముల అనుస్వరములు వినబడుటచే చెవి మూలస్వరమును తానే ఊహించుకొనును. శ్రుతి తప్పినను, తాళము తప్పినను తెలియకపోదు. సాధకునకు కావలసినది అదియే. ఏడాది కొక్కసారి వచ్చు ఉత్సవమునకు పెద్ద యంత్రమును మైకుసెట్టు వారి వద్ద అద్దెకు తెచ్చుకొనవచ్చును.

ఇక పెద్దల శంక వేరు. కళాశాలలో రొద పెరుగునని వారి భయము. ఇది తోసిపుచ్చదగిన మాట కాదు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనలు నిశ్శబ్ద ప్రాంతమునకు పగలు 50, రాత్రి 40 డెసిబెళ్ల హద్దు విధించినవి. మంద్రస్వరము గోడలను దాటి పోవు స్వభావము గలది. పక్క గదిలో పరీక్షకు చదువుకొను సోదరుని హక్కు మన సంగీతముకన్న చిన్నది కాదు. చిన్న యాంప్లిఫయర్లలో పెక్కింటికి హెడ్‌ఫోను అమరిక కలదు. అది తగిలింపగానే సాధారణముగా స్పీకరు మూగబోవును. హెడ్‌ఫోను తీగతో కూడినదై యుండవలెను. బ్లూటూత్ హెడ్‌ఫోనులో స్వరము వ్రేలికన్న ఆలస్యముగా చెవికి చేరి తాళమును చెరచును.

వాడుక పద్ధతియు కొంత తెలియవలెను. మొదట ధ్వని మీటను సున్నకు త్రిప్పి, గిటారు తీగను తగిలించి, ఆ పిమ్మట స్విచ్చి వేయవలెను. స్వరపు మీటలను నడుమ నుంచి, గెయిన్ మీటను మెల్లగా పెంచుచు, గట్టిగా మీటినప్పుడు స్వరము చీలకుండునంత వరకే నిలుపవలెను. గది మూలలో నుంచినచో మంద్రము ఉబ్బి స్పష్టత పోవును. నేలపై గాక బల్లపై నుంచిన అదురు తగ్గును, స్వరము చెవికి సూటిగా చేరును. విద్యుత్తుతో నడచు యంత్రమునకు మూడు కాళ్ల ప్లగ్గున్నచో, గుంయిమను శబ్దము వచ్చినదని ఎర్త్ కాలిని విరుచుట ప్రాణాపాయము. సెలవులలో మార్చదగిన బ్యాటరీలను తీసి యుంచవలెను. మామూలు గిటారు యాంప్లిఫయరుతో బేస్‌ను గట్టిగా వాయించినచో స్పీకరు చెడవచ్చును; కనుక బేస్‌కై చేసినదానినే కొనవలెను.

ఒక రిజిస్టరు, ఒక బాధ్యుడు, ఒక్కొక్కరికి నిర్ణీతమైన గంట, నమాజు వేళలందును పరీక్షా దినములందును స్పీకరు మౌనము: ఈ నియమములకు విద్యార్థులు కట్టుబడవలెను. సొంతముగా యంత్రము కొనగల ఇంటి బిడ్డకు కళాశాల సాయము అక్కరలేదు. కొనలేని వానికే ఇది అక్కర. బేస్ వాద్యకుడు ముందునకు రాడు, పాటను వెనుకనుండి మోయును. అట్టి వానిని తయారుచేయు యంత్రమును గూడ వెనుకకు నెట్టవలదని కమిటీ వారిని కోరుచున్నాము.