గేమ్ కూడా ఓ ఉస్తాదే!

“పొద్దస్తమానం ఖేల్ తమాషా! వక్త్ అంతా బర్బాద్!” నిజామాబాద్‌లో గానీ, బోధన్‌లో గానీ, మన ఇళ్లలో పిల్లల చేతిలో గేమ్ కనబడితే వినబడే మాట ఇదే. సగం సహీ మాటే. నమాజ్‌ను మింగే ఆటనూ, నిద్రను మింగే ఆటనూ బంద్ చేయాల్సిందే. అందులో నాకు బహస్ లేదు. కానీ జపానీ గేములు ఆడుతూ జపానీ చదవడం నేర్చుకుంటున్న పిల్లల్ని కూడా అదే గాటన కట్టడం నాఇన్సాఫీ. చాయ్ హోటల్లో గంటల తరబడి రీల్స్ చూసే పెద్దమనుషులు ఈ ఫైసలా చెప్పడం మరీ విడ్డూరం.

బోధన్‌లో మా భాంజా ఇంటర్ చదువుతున్నాడు. ఆడేటప్పుడు పక్కన నోట్‌బుక్ ఉంటుంది. ఎడమవైపు జపానీ మాట, కుడివైపు తెలుగులో మతలబ్. “జపాన్‌తో నీకేం కామ్‌రా?” అని ఇంటికొచ్చిన ప్రతి మెహమాన్ అడుగుతాడు. వాడి తరఫున జవాబు నేనిస్తా.

జపానీ ఆసాన్ జబాన్ కాదు. హిరగానా, కతకానా అని రెండు లిపులు, ఒక్కోదానిలో 46 మూలాక్షరాలు. వాటిపైన కాంజీ. 2010లో జపాన్ హుకూమత్ సవరించిన వాడుక జాబితాలోనే 2,136 కాంజీలున్నాయి. ఉట్టి బట్టీ పడితే వారంలో విసుగొస్తుంది. మరి గేమ్‌లో? 1986 నాటి డ్రాగన్ క్వెస్ట్‌లోనే చూడండి. యుద్ధం వచ్చిన ప్రతిసారీ ‘తతకౌ’ అంటే పోరాడు, ‘దోగు’ అంటే సామాను, ‘నిగెరు’ అంటే పారిపో అని తెర మీద నిలుస్తాయి. వందసార్లు చూస్తే అవే యాద్ ఉంటాయి. ఇలాంటి కథల ఆటల్లో చాలాచోట్ల బటన్ నొక్కేదాకా మాట కదలదు, ఎంత నిదానంగా చదివినా ఎవరూ గద్దించరు. కొన్ని ఆటల్లో కాంజీ నెత్తిన చిన్న అక్షరాలతో ఉచ్చారణ కూడా ఇస్తారు. దాని పేరు ఫురిగానా. జేర్, జబర్, పేష్ పట్టుకుని చదువు మొదలుపెట్టిన మనకు ఈ సహారా కొత్తదా?

ఇప్పుడు అసలు మాట. మన ఇలాకా నుంచి ఎంతమంది సౌదీ, దుబాయ్, ఖతర్ పోయారు! నాజిరా చదివిన పుణ్యాన అరబీ హర్ఫ్‌లు గుర్తుపట్టారు. నాజిరా సవాబ్ పని, దానిపై నాకు ఏతరాజ్ లేదు. కానీ అగ్రిమెంట్ కాగితం ముందుకొచ్చినప్పుడు హర్ఫ్ తెలిసింది, షర్త్ తెలియలేదు. ఏజెంట్ చెప్పిందే మతలబ్ అనుకుని దస్తఖత్ పెట్టారు. కథల గేమ్ దీనికి ఉల్టా. తాళంచెవి ఎక్కడుందో ముసలాయన చెప్పిన మాట అర్థం కాకపోతే దర్వాజా తెరుచుకోదు. మతలబ్ తెలియకుండా ముందుకు పోనివ్వని ఉస్తాద్ అది.

రోజీకి పనికొస్తుందా అంటారా? 1937లో పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడింది. షక్కర్‌నగర్ పేరులో షక్కర్ మిగిలింది, పని మిగల్లేదు. 2021 జనవరిలో హునర్ ఉన్న పనివాళ్ల కోసం జపాన్ మన దేశంతో ఒప్పందం చేసుకుంది. ఆ వీసాకు పని పరీక్షతో పాటు జేఎల్‌పీటీ ఎన్4 స్థాయి గానీ, జేఎఫ్‌టీ బేసిక్ గానీ పాసవ్వాలి. గేమ్ ఒక్కటే అక్కడిదాకా తీసుకుపోదు. వ్యాకరణం పుస్తకంలో చదవాలి, మాట్లాడటం ఉస్తాద్ దగ్గర నేర్వాలి. గేమ్‌లో హీరో ఎదుటివాణ్ణి ‘ఒమాయె’ అంటాడు. యజమానిని అలా పిలిస్తే, ఆప్ అనాల్సినచోట తూ అన్నట్టే, బేఅదబీ.

ఇంకో సవాల్. ఇంట్లో ఉర్దూ మాట్లాడుతూ ఉర్దూ అఖ్బార్ చదవలేని పిల్లలు మన దగ్గర ఎంతమంది! తర్వాతేమైందో తెలుసుకోవాలనే తహతహ పుట్టించే కహానీ ఒక్కటైనా ఉర్దూలో వాళ్ల చేతికిచ్చామా? కాయిదా ఇచ్చాం, బెత్తం చూపించాం. జపాన్ వాళ్ల ఆట ఆ తహతహ పుట్టిస్తే కోపం ఆట మీదనా?

అమ్మీలారా, అబ్బాలారా! ఫోన్ గుంజుకునే ముందు నోట్‌బుక్ అడగండి. ఈరోజు నేర్చిన ఐదు మాటలకు మతలబ్ చెప్పమనండి. చెప్పలేకపోతే గుంజుకోండి. చెబితే మాత్రం శభాష్ అనండి, ఇషా అయ్యాక ఇంకో అరగంట ఇవ్వండి.